యాంత్రికశాస్త్ర పరీక్షకు భాషయే తొలిమెట్టు

పరీక్షల కాలము సమీపించినంతనే మన విద్యార్థులలో పెక్కుమంది సూత్రముల పట్టికలను గోడలకు అంటించుకొని వల్లెవేయ మొదలిడుదురు. చరిత్రకు తేదీలవలె యాంత్రికశాస్త్రమునకు సమీకరణములు కంఠస్థమైన చాలునని వారి నమ్మకము. గణితమునకును భౌతికశాస్త్రమునకును ఉమ్మడి సొత్తయిన ఈ శాఖ ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రమున పెద్ద భాగమును ఆక్రమించుకొని యున్నది. అయినను సూత్రములన్నియు నోటికి వచ్చిన బాలుడే ప్రశ్నను చూచి కలము కదపలేక కూర్చుండుట ఉపాధ్యాయులందరు ఎరిగినదే.

తెలుగు చెప్పుకొను వానికి ఈ విచారమేల యని కొందరు అడుగవచ్చును. యాంత్రికశాస్త్రములోని లెక్క మొదట ఒక వాక్యము, పిమ్మటనే సమీకరణము. వాక్యమును సరిగా చదువనేరని వాడు సమీకరణమును సరిగా వ్రాయలేడు. కావున ఈ విషయమున భాషోపాధ్యాయునకును కొంత పాలు కలదు.

ప్రశ్నపత్రములోని మాటలను కొంచెము పరికింపుడు. ‘నునుపైన తలము’ అనగా ఘర్షణ లేదని అర్థము. ‘తేలికైన దారము’ అనగా దారపు ద్రవ్యరాశిని లెక్కింపనక్కరలేదు. ‘సాగని దారము’ అనగా దాని రెండు కొనలకు కట్టిన వస్తువుల త్వరణముల పరిమాణము ఒక్కటే. ‘విరామస్థితి నుండి బయలుదేరెను’ అన్నచో తొలివేగము సున్న. ‘జారబోవు స్థితిలో నున్నది’ అన్నచో ఘర్షణ తన గరిష్ఠమునకు చేరినది. ఇవి అలంకారము కొరకు వేసిన విశేషణములు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క సమీకరణము. కావ్యమున ఒక విశేషణమును విడిచి చదివినను కథ తెలియవచ్చును. ఇచట విడిచినచో లెక్కయే తేలదు.

మరియొక చిక్కు కలదు. వాడుకలో పర్యాయపదములైన వానికి శాస్త్రము వేరువేరు అర్థములను కల్పించినది. వడి, వేగము అను రెంటికిని మన వాడుకలో భేదము లేదు. శాస్త్రమున వడికి దిక్కుతో పని లేదు; వేగమునకు దిక్కు తప్పనిసరి. భీమిలి పోవు సముద్రతీరపు రోడ్డుపై వంపు తిరుగుచున్న బస్సు ఒకే వడితో పోవుచున్నను దాని వేగము మారుచునే యుండును. కావున దానికి త్వరణము కలదు. అంగడిలో మనము బరువని కిలోగ్రాములలో చెప్పునది శాస్త్రమున ద్రవ్యరాశి. భారమునకు కొలత న్యూటను. నెత్తిపై బస్తాతో కదలక నిలిచిన రేవుకూలీకి చెమటలు కారుచున్నను, ఆ బస్తాపై అతడు చేసిన పని శూన్యమని శాస్త్రము చెప్పును. కూలీకి అది అన్యాయముగా తోచవచ్చును గాని, పరీక్ష వ్రాయువాడు ఆ తేడా నెరుగవలయును.

1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి కళాశాల తరగతులకు తెలుగున పాఠ్యగ్రంథములను ప్రచురించి ద్రవ్యవేగము, భ్రామకము వంటి పదములను తరగతి గదులలో వ్యాప్తికి తెచ్చినది. ఆంగ్లమున చదువువారికి ఈ చిక్కు లేదనరాదు. స్పీడు, వెలాసిటీ అను మాటల భేదమును వారును ఇట్లే నేర్వవలసి యున్నది.

విశాఖపట్టణపు విద్యార్థులకు ఈ శాస్త్రము కన్నుల యెదుటనే కలదు. 1948 మార్చి 14వ తేదీన సింధియా నౌకానిర్మాణశాలలో తయారైన ‘జల ఉష’ నౌకకు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించెను. ఆ కర్మాగారమే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు. వాలుదారిపై నిలిపిన నౌక, కట్లు విడిచినంతనే, తన భారముచేతనే నీటిలోనికి జారును. పుస్తకములోని ‘వాలుతలముపై దిమ్మె’ యను లెక్క ఇదియే. దిమ్మెకు బదులు నౌక.

మచ్చునకు కొన్ని అంకెలు వేసికొందము. నౌక 2,000 టన్నులు. దారి 20 మీటర్లకు 1 మీటరు చొప్పున దిగుచున్నది. గ్రీజు పూసిన దారికి ఘర్షణ గుణకము 0.03 అనుకొందము. దారి వెంబడి నౌకను లాగు బలము 100 టన్నుల భారమంత. ఎదిరించు ఘర్షణ ఇంచుమించు 60 టన్నుల భారమంత. మిగిలినది 40. దీనిని 2,000 చేత భాగింపగా గురుత్వ త్వరణములో 50వ వంతు, అనగా సెకనుకు సెకనుకు 0.196 మీటర్లు త్వరణము వచ్చును. 50 మీటర్లు జారునప్పటికి వేగము సెకనుకు సుమారు 4.4 మీటర్లు. ఇందలి విశేషమేమనగా, నౌక 2,000 టన్నులైనను 20,000 టన్నులైనను ఈ జవాబు మారదు. లాగు బలమును, ఘర్షణయు భారముతో పాటే పెరుగును గదా! సూత్రమును వల్లించినవాడు 2,000ను ఎచటనో ఒకచోట ఇరికింప యత్నించును. పటము గీచినవాడు అది కొట్టివేయబడుటను చూచును.

జవాబు వచ్చిన పిదప దానిని పరీక్షించుటయు నేర్వవలయును. వాలును సున్న చేసినచో నౌక కదలరాదు. నిట్టనిలువుగా చేసినచో త్వరణము గురుత్వ త్వరణమే కావలయును. మీ సమీకరణము ఈ రెంటికిని నిలిచినదా? నిలువనిచో దోషము ఎచటనో కలదు. ఈ పరీక్షకు అరనిమిషము చాలును.

బైలదిల్లా ఇనుపఖనిజముతో తూర్పుకనుమలు దాటి విశాఖకు దిగివచ్చు రైళ్ళు మరియొక పాఠము. ఆ మార్గమున శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. అంత ఎత్తునుండి దిగు ప్రతి టన్ను ఖనిజము 98 లక్షల జౌళ్ళ స్థితిజ శక్తిని కోల్పోవును. ఆ శక్తి ఎటుపోవును? బ్రేకులు దానిని హరింపనిచో బండి గతి యేమగును? ఈ ప్రశ్న వేసికొన్న విద్యార్థికి శక్తినిత్యత్వ నియమమును వేరుగా బట్టీ పెట్టవలసిన పని యుండదు.

ఇక సాధన విధానము. ప్రశ్నను రెండుమారులు చదివి, రెండవమారు విశేషణముల క్రింద గీత గీయుడు. ఒక్కొక్క వస్తువును విడదీసి, దానిపై పనిచేయు బలములన్నిటిని బాణములతో చూపుడు. ఏ దిక్కు ధనాత్మకమో ముందే నిర్ణయించుకొనుడు. అంకెలను చివరివరకు దూరముగా నుంచి అక్షరములతోనే లెక్క నడపుడు. ప్రమాణములను వ్రాయుడు. సాధించిన లెక్కను చదువుటతో తృప్తిపడక, పుస్తకము మూసి మరల మీరే చేయుడు. రోజునకు ఇరువది లెక్కలు పైపైన చూచుటకంటె మూడింటిని తుదిముట్టించుట మేలు. పరీక్ష ముందటి రాత్రి నిద్ర మానుట ఏ లెక్కకును సాయపడదు.

ఉపాధ్యాయులకొక విన్నపము. 1933లో ప్రారంభమైన రేవును, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమును గల ఈ నగరమున తండ్రులు క్రేనులు నడుపుచుండగా కుమారులు భ్రామకమను మాటకు బెదరుచున్నారు. క్రేనుచేయి ఎంత దూరము చాచిన ఎంత బరువు తగ్గింపవలయునో ఆ తండ్రికి తెలియును. దానికే భ్రామకమని పేరని కుమారునకు చెప్పువారు కావలయును. లెక్క రానివాడని ముద్రపడిన బాలురలో అనేకులు వాస్తవముగా లెక్కను చదువుట నేర్వనివారు. ఆ ముద్ర వారి జీవితమార్గమునే మార్చివేయును. గణితోపాధ్యాయుడును భాషోపాధ్యాయుడును వారమునకొక గంట కలిసి కూర్చుండి, లెక్కలలోని వాక్యములను విద్యార్థులచే బిగ్గరగా చదివించి అర్థము చెప్పించినచో, ఆ బాలురలో పలువురు తమకు లెక్క వచ్చునని తామే తెలిసికొందురు.