తాళంచెవుల గుత్తి నుంచి సమ్మతి పత్రం వరకు

నాలుగు బ్యాంకుల్లో ఖాతాలూ రెండు మూడు క్రెడిట్ కార్డులూ ఉన్న వ్యక్తికి, మొత్తం నిల్వ ఎంతో, చెల్లించవలసిన బాకీ ఎంతో ఒకే లాగిన్‌తో ఒకే తెరపై చూపే ఏర్పాటును ఖాతాల సమీకరణ అంటారు. చక్రాలూ ఇరుసులూ లేకపోయినా ఇదీ ఒక యంత్రమే. పాతికేళ్ళలో దాని పని దాదాపు మారలేదు గాని, ఆ పని చేయడానికి అది ఖాతాదారుని దగ్గర ఏమి అడిగి పుచ్చుకుంటుందన్నది మాత్రం పూర్తిగా మారింది.

దీనికి పూర్వరూపం లేకపోలేదు. అమెరికాలో మెరిల్ లించ్ సంస్థ 1977లోనే వాటాల ఖాతా, చెక్కుల సౌకర్యం, వీసా కార్డు మూడింటినీ కలిపి ఒకే నెలవారీ లెక్కగా పంపింది; అయితే అందుకు ఖాతాదారు తన సొమ్మునంతా ఆ సంస్థకే తరలించవలసి వచ్చేది. సొమ్ము ఎక్కడిదక్కడే ఉండగా లెక్కలు మాత్రమే ఒకచోటికి రావాలన్న ఆలోచన, బ్యాంకులు వెబ్‌సైట్లు తెరిచాకనే సాధ్యమయింది.

1999లో అట్లాంటాలో వర్టికల్‌వన్, కాలిఫోర్నియాలో యోడ్లీ అనే సంస్థలు ఈ పనికి పూనుకున్నాయి. యోడ్లీ స్థాపకులలో ఆచార్యుడు వెంకట్ రంగన్‌తో పాటు, ఇంటిపేరు చూడగానే తెలుగువాడని తోచే సత్యవోలు రామకృష్ణ కూడా ఉన్నారు. రెండేళ్ళు తిరగకుండానే యోడ్లీ తన పోటీదారును కొనివేసింది.

ఆ యంత్రం పనిచేసిన తీరు నేడు తలచుకుంటే గుండె గుభేలుమంటుంది. ఖాతాదారు తన బ్యాంకులన్నింటి యూజర్ పేర్లనూ పాస్‌వర్డులనూ దానికి అప్పగించేవాడు. యంత్రం వాటిని సంకేత లిపిలోకి మార్చి దాచుకుని, ఖాతాదారు తానే వచ్చినట్టుగా ప్రతి బ్యాంకు సైటులోకీ ప్రవేశించి, అక్కడి పేజీలో నిల్వ ఏ గడిలో ఉందో, గడువు తేదీ ఏ వరుసలో ఉందో వెతికి, చిప్పలోంచి కొబ్బరి కోరినట్టు అంకెలను కోరి తెచ్చేది. స్క్రీన్ స్క్రేపింగ్ అని పిలిచే ఈ పద్ధతిలో ఒక్కొక్క బ్యాంకుకు ఒక్కొక్క ప్రోగ్రాము విడిగా రాయవలసి ఉండేది; ఏ బ్యాంకయినా పేజీ రూపం మార్చిందంటే దాని ప్రోగ్రాము దారి తప్పేది.

అంతకంటె పెద్ద చిక్కు పాస్‌వర్డు స్వభావంలోనే ఉంది. లెక్క చూడడానికి మాత్రమే పనికివచ్చే పాస్‌వర్డు, డబ్బు పంపడానికి పనికివచ్చే పాస్‌వర్డు అని రెండు లేవు గనుక, చూసిరమ్మని ఇచ్చిన తాళంచెవితోనే ఇల్లంతా ఖాళీ చేయవచ్చు. వచ్చినది ఖాతాదారో యంత్రమో బ్యాంకుకు తెలియదు. నష్టం జరిగితే బాధ్యత ఎవరిదో తేలదు. బ్యాంకులు ఉలిక్కిపడడంలో వింత లేదు. అమెరికా జాతీయ బ్యాంకుల నియంత్రణ కార్యాలయం 2001 ఫిబ్రవరిలో ఈ సేవల ప్రమాదాల గురించి బ్యాంకులకు సూచనలు జారీ చేసింది. అయినా సౌకర్యం భయాన్ని జయించింది. తొలినాళ్ళలో యోడ్లీ యంత్రాంగం మీదనే ఆధారపడి 2007లో వచ్చిన మింట్ అనే ఖాతాల సమీకరణ సేవను రెండేళ్ళలోనే ఇన్‌ట్యూట్ సంస్థ 17 కోట్ల డాలర్లకు కొన్నది, 2024లో మూసివేసింది.

ఐరోపా సమాఖ్య 2015లో చేసిన చెల్లింపుల చట్టం, ఖాతాదారు అనుమతిస్తే అతని లెక్కలను అనుమతి పొందిన ఇతర సంస్థలకు అందుబాటులో ఉంచడం బ్యాంకుల విధి అని నిర్దేశించింది. అంటే దొడ్డిదారిన జరుగుతున్న రాకపోకలకు వీధివాకిలి పెట్టారన్నమాట.

భారతదేశం మరొక అడుగు ముందుకు వేసింది. రిజర్వు బ్యాంకు 2016 సెప్టెంబరు 2న అకౌంట్ అగ్రిగేటర్ అనే కొత్త తరగతి సంస్థలకు నిబంధనలు ప్రకటిస్తూ, అవి ఖాతాదారుల పాస్‌వర్డులను గాని పిన్ అంకెలను గాని అడగరాదు, దాచరాదు అని శాసించింది. డబ్బు లావాదేవీలు జరిపే అధికారం కూడా వాటికి లేదు. సరిగ్గా అయిదేళ్ళకు, 2021 సెప్టెంబరు 2న, ఎనిమిది బ్యాంకులతో వ్యవస్థ ఆరంభమయింది. లైసెన్సు పొందిన తొలి సంస్థలలో హైదరాబాదుకు చెందిన వన్‌మనీ ఒకటి.

ఇందులో తాళంచెవి స్థానాన్ని సమ్మతి పత్రం ఆక్రమించింది. ఏ సమాచారం, ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్ళు, ఎన్నిసార్లు అన్నవి నమోదయిన ఈ డిజిటల్ పత్రాన్ని చూసి బ్యాంకు తన లెక్కను రహస్య లిపిలో పంపుతుంది. దానిని విప్పే కీ ఆ సమాచారం కోరిన సంస్థ వద్దనే ఉంటుంది గనుక, నడుమ ఉన్న అగ్రిగేటర్ ముద్ర వేసిన లకోటాను మోసే తపాలా బంట్రోతు మాత్రమే. పాత యంత్రానికి అన్నీ కనిపించేవి. కొత్త యంత్రపు గొప్పతనమంతా దాని అంధత్వంలోనే ఉంది.

ఇచ్చిన సమ్మతుల జాబితా అగ్రిగేటర్ యాప్‌లో ఎప్పుడూ కనిపిస్తుంది, దేనినయినా రద్దు చేసుకోవచ్చు. అయితే రద్దు వల్ల ఇకమీదట వెళ్ళవలసిన లెక్కలు ఆగుతాయే గాని, అప్పటికే అవతలివారికి చేరినవి వెనక్కి రావు.