సిద్ధెలలో నూనె ఉన్నదా?



2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రాన్ని గొప్ప మంచు తుఫాను తాకింది. మన తెలుగు కుటుంబాలు వేలాదిగా స్థిరపడిన డల్లాస్ ప్రాంతంలో చలి సున్నాకు దిగువ 19 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. 15వ తేదీ తెల్లవారుజామున కరెంటు కోతలు మొదలయ్యాయి. కొందరికి కొన్ని గంటలు, మరికొందరికి రోజుల తరబడి కరెంటు లేదు. సుమారు 45 లక్షల ఇళ్లు, వ్యాపార స్థలాలు చీకటిలో ఉండిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 246 మంది మరణించారు.

ఇంతటి సంపన్న దేశంలో ఇది ఎలా జరిగింది? చలికి గ్యాసు బావులు, గొట్టాలు గడ్డకట్టాయి. విద్యుత్ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. అదే వేళ ఇంటింటా హీటర్ల వాడకం పెరిగింది. గ్రిడ్ మొత్తం కూలిపోవడానికి నాలుగున్నర నిమిషాలే మిగిలిన స్థితిలో, దానిని కాపాడడానికి అధికారులు లక్షలాది ఇళ్లకు సరఫరా నిలిపివేశారు. ఆ కోతలో గ్యాసు పంపే కొన్ని కేంద్రాలకు కూడా కరెంటు పోయింది. దానితో గ్యాసు ఇంకా తగ్గింది. టెక్సాస్ గ్రిడ్‌కు పొరుగు గ్రిడ్‌లతో సంబంధం బహు తక్కువ కనుక బయటి నుండి చాలినంత సహాయమూ రాలేదు.

కరెంటుతోపాటు ఇంట్లోని ఇంటర్నెట్ ఆగింది. సెల్ టవర్లలోని బ్యాటరీలు కొన్ని గంటలకు మించి నిలువవు. చేతిలోని ఫోను చార్జింగు అయిపోతే, ఇక్కడి తల్లిదండ్రులకు అక్కడి బిడ్డల క్షేమం తెలిసే దారి లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖవాసులు ఇటువంటి దినాలనే చూశారు.

ప్రభువు చెప్పిన పదిమంది కన్యకల ఉపమానం మనకు తెలిసినదే. పదిమందికీ దివిటీలున్నాయి, పదిమందీ నిద్రపోయారు. తేడా అంతా సిద్ధెలలోని నూనెలోనే ఉంది. టెక్సాస్‌లో 2011లోనే ఇటువంటి చలి వచ్చి కరెంటు పోయింది. యంత్రాలను చలికి తట్టుకొనేలా సిద్ధపరచండని నిపుణులు అప్పుడే హెచ్చరించారు. అనేకులు ఆ మాట వినలేదు. అదే రాష్ట్రంలో వేరే గ్రిడ్‌తో కలిసి ఉన్న ఎల్ పాసో నగరంవారు విని, తమ కేంద్రాలను సిద్ధపరచుకున్నారు. 2021లో అక్కడ కొద్దిమందికే, అదీ కొద్దిసేపే కరెంటు పోయింది. ఆ సంవత్సరమే అటువంటి సిద్ధపాటును తప్పనిసరి చేస్తూ టెక్సాస్‌లో చట్టం వచ్చింది. కాని చనిపోయినవారు తిరిగి రారు గదా!

మన గృహాల సంగతి ఏమిటి? ముఖ్యమైన ఫోను నంబర్లు కాగితం మీద వ్రాసి ఉంచండి. పవర్ బ్యాంకు, టార్చిలైటు, మందులు, త్రాగునీరు సిద్ధంగా ఉంచండి. సిగ్నల్ బలహీనంగా ఉంటే కాల్ కంటే చిన్న మెసేజి త్వరగా చేరుతుంది. ఎంత చలైనా బొగ్గుల కుంపటి, జనరేటరు ఇంటిలోపల వెలిగించవద్దు, నడపవద్దు. వాటి నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. ఆ దినాలలో దానివలన కూడా ప్రాణాలు పోయాయి.

ఆ చలిలో అనేక సంఘాలు తమ ఆలయాల తలుపులు తెరచి ఇరుగుపొరుగువారిని చేర్చుకున్నాయి. మీ వీధిలో ఒంటరిగా ఉన్న వృద్ధులు ఎవరు? ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడినవారు ఎవరు? కరెంటు పోయిన రాత్రి వారి తలుపు తట్టేది ఎవరు? ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆ పేర్లు జ్ఞాపకం చేసుకొని, ఆ బాధ్యత ఎవరిదో ఇంట్లో నిర్ణయించుకోండి. అర్ధరాత్రి కేక వినబడక మునుపే సిద్ధపడే మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక.