నల్లగొండ, పాలమూరు మెట్టల్లో ఇంగ్లీషు సైకిలు

ఇంగ్లీషు రోడ్‌స్టర్ సైకిలుకు 28 అంగుళాల చక్రాలు, తీగలకు బదులు ఉక్కు కడ్డీలతో పట్టే బ్రేకులు, లగ్గులనే లోహపు తొడుగుల్లో దూర్చి ఇత్తడితో అతికిన గొట్టాల ఫ్రేము ఉంటాయి. నల్లని ఎనామిల్ మీద సన్నని బంగారు గీతలు, ముందు గొట్టం మీద కంపెనీ బిళ్ళ, స్ప్రింగుల మీద తోలు సీటు దాని అలంకారాలు. బరువు 18 నుంచి 20 కిలోలు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల పెద్దలకు సైకిలు అనగానే మనసులో మెదిలే రూపం ఇదే. అలాంటి బండ్లు ఇప్పటికీ పశువుల కొట్టాల్లో, అటకల మీద, పాత ఇనుము దుకాణాల్లో బయటపడుతుంటాయి. వాటిని సరిగ్గా గుర్తుపట్టాలన్నా, చెడగొట్టకుండా బాగుచేయాలన్నా ఆ యంత్రం పుట్టుక కొంత తెలిసి ఉండాలి.

1885లో ఇంగ్లాండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిలు తయారుచేశాడు. అంతకు ముందు చలామణిలో ఉన్న ఎత్తు చక్రం బండికి పెడళ్ళు నేరుగా ముందు చక్రానికే ఉండేవి. వేగం పెరగాలంటే చక్రం పెద్దది కావాలి, చక్రం పెద్దదైతే పడినప్పుడు తలకే దెబ్బ. స్టార్లీ రెండు చక్రాలనూ దాదాపు సమానం చేసి, పెడళ్ళను నడుమకు తెచ్చి, చైనుతో వెనక చక్రాన్ని తిప్పాడు. అప్పటినుంచి వేగం చక్రం ఎత్తును వదిలి పళ్ళ లెక్కను పట్టుకుంది. ముందు 46 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్న రోడ్‌స్టర్‌లో పెడలు ఒక్క చుట్టు తిరిగితే చక్రం రెండున్నర చుట్లకు పైగా తిరుగుతుంది, బండి సుమారు 5.7 మీటర్లు సాగుతుంది.

1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరును రూపొందించాడు. ఆ ఏడాదే నాటింగ్‌హామ్‌లో ఫ్రాంక్ బౌడెన్ చేతుల్లో ర్యాలీ కంపెనీ రూపుదిద్దుకుంది. 1902లో అదే ఊళ్ళో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో తుపాకుల తయారీతో మొదలైన బీఎస్‌ఏ, 1910లో పుట్టిన హెర్క్యులస్, పక్కనే స్మెథిక్‌లోని ఫిలిప్స్, వీటికి తోడు హంబర్, రడ్జ్ కంపెనీలు కలిసి బ్రిటిష్ వలస దేశాలన్నిటినీ సైకిళ్ళతో నింపాయి. భారతదేశం వాటికి పెద్ద అంగడి. 1930లలో జపాన్ నుంచి చవక సైకిళ్ళు వచ్చినా ఇంగ్లీషు పేరుకున్న విలువ తగ్గలేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు నిజాం రాజ్యంలోని జిల్లాలు. రేవులో దిగిన సైకిలు రాజ్యంలోకి రావాలంటే కరోడ్‌గిరీ సుంకం కట్టాలి, దాని వెల నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కాలో చెల్లించాలి. భువనగిరికి రైలు ఉంది, మహబూబ్‌నగర్ మీదుగా మీటరుగేజి లైను ఉంది. నల్లగొండ పట్టణానికి మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత చాలా ఏళ్ళకు గానీ రైలు రాలేదు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినా, ఆ బస్సులు పెద్ద బాటలు దాటి లోపలి ఊళ్ళకు పోయేవి కావు. బస్సు దిగిన చోటు నుంచి ఊరి దాకా నడకో, ఎడ్లబండో గతి. ఆ దూరాన్ని సైకిలు అందుకుంది. మొదట్లో పట్వారీలు, గిర్దావర్లు, బడి పంతుళ్ళు, వ్యాపారుల ఇళ్ళలో కనిపించిన బండి, తర్వాత పెళ్ళిలో వాచీ, రేడియోలతో పాటు అల్లుడికి పెట్టే వస్తువైంది. కొనలేని వాళ్ళకు గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిల్ టాక్సీ దుకాణాలుండేవి. పిల్లలు ఫ్రేము త్రికోణంలోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నది ఎక్కువగా ఆ అద్దె బండ్ల మీదే.

ఈ నేలకు ఆ బండి బాగా అతికింది. దాని ముందు గొట్టం ఇప్పటి సైకిళ్ళ కన్నా బాగా వాలి, నేలతో సుమారు 67 డిగ్రీల కోణంలో ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 1.1 మీటర్లకు పైనే. ఫోర్కు ముందుకు సాగి ఉండటం వల్ల గులకరాళ్ళ బాట కుదుపులో కొంత అదే స్ప్రింగులా మింగేస్తుంది. చెల్కలు, గుట్టల నడుమ బండ్లబాటల మీద వేగం కన్నా ఈ గుణమే ముఖ్యం. తాటికల్లు కుండలు మోసే గీత కార్మికులు, పోచంపల్లి, గద్వాల, నారాయణపేట వైపు నూలు, చీరలు మోసే నేతన్నలు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగలేక మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో దూరం నుంచి మంచినీళ్ళు తెచ్చుకున్న కుటుంబాలు ఇలాంటి బండ్ల వెనకే బరువులు కట్టాయి. ఒక మనిషిని మోయడానికి చేసిన ఫ్రేము మీద ఎంతెంత బరువు పడిందో వాటి క్యారియర్ల వంపులు చూస్తే తెలుస్తుంది.

గుర్తుపట్టడం దగ్గర మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. బిళ్ళ మీద ఇంగ్లీషు పేరున్నంత మాత్రాన బండి ఇంగ్లాండులో పుట్టినట్టు కాదు. 1949లో మద్రాసు దగ్గరి అంబత్తూరులో ఏర్పడిన టీఐ సైకిల్స్ హెర్క్యులస్, ఫిలిప్స్, బీఎస్‌ఏ పేర్లతో ఇక్కడే బండ్లు చేసింది. 1950ల మొదట్లో బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ కార్ఖానా నడిచింది. సోనీపత్‌లో అట్లాస్, లుధియానాలో హీరో వచ్చాక దిగుమతి బండి అరుదైపోయింది. అందువల్ల ఈ జిల్లాల్లో దొరికే ర్యాలీ, హెర్క్యులస్‌లలో చాలావరకు భారతీయ బండ్లే. అవి తక్కువ రకం కాదు, వాటిదీ గొప్ప చరిత్రే. కాకపోతే ఏ బండిని ఆ బండి పేరుతోనే పిలవాలి, అసన్‌సోల్ బండిని నాటింగ్‌హామ్ బండిగా అమ్మకూడదు.

బిళ్ళ మీద ఊరి పేరు ముందు చదవాలి. తర్వాత రిమ్ము లోపలి ముద్ర, బ్రేకు కడ్డీలు, నట్ల మీది గుర్తులు చూడాలి. ర్యాలీ పళ్ళ చక్రంలో కొంగ తలలు చెక్కి ఉంటాయి, రడ్జ్ చక్రంలో చాచిన అరచెయ్యి, బీఎస్‌ఏకు ఒకదానికొకటి ఆనించిన మూడు తుపాకులు. హంబర్ బండిని దూరం నుంచే పోల్చుకోవచ్చు, దాని ఫోర్కుకు ఒక్కో పక్క రెండేసి సన్నని గొట్టాలుంటాయి. ఇక్కడ కూడా తొందర పనికిరాదు. ర్యాలీ 1932లో హంబర్‌ను, 1943లో రడ్జ్‌ను, 1957లో బీఎస్‌ఏ సైకిళ్ళను కొనేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రడ్జ్ బండి రంగు, బిళ్ళ తీసేస్తే లోపల ఉండేది ర్యాలీయే.

కాలం పట్టుకోవడానికి ఫ్రేము నంబరు ఒక్కటే చాలదు, ర్యాలీ నంబర్ల వరుసలు ఏళ్ళ తరబడి ఒకే పద్ధతిలో సాగలేదు. 1936లో వచ్చిన స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ హబ్బు ఉంటే పని సులువు. యుద్ధానంతర హబ్బుల డొల్ల మీద ఏడాది చివరి రెండు అంకెలు ముద్రించి ఉంటాయి, 52 అంటే 1952. అయితే హబ్బు తర్వాత మార్చింది కావచ్చు. పైగా ఈ ప్రాంతానికి వచ్చినవి ఎక్కువగా ఒకే గేరు బండ్లు. అప్పుడు మెరుగు పూత కొంత సాయం చేస్తుంది. సుమారు 1930కి ముందు నికెల్ పూత, దాని తెలుపులో లేత పసుపు ఛాయ ఉంటుంది. ఆ తర్వాతిది క్రోమియం, నీలం ఛాయతో చల్లగా మెరుస్తుంది. యుద్ధకాలపు బండికి హ్యాండిలు, రిమ్ములు కూడా నల్లగానే ఉండవచ్చు, అప్పుడు పూతకు లోహం కరువు. ఇలాంటి మూడు నాలుగు సాక్ష్యాలు ఒకే కాలాన్ని చూపినప్పుడే నమ్మాలి.

బాగుచేయడంలో ఎక్కువ నష్టం మొదటి గంటలోనే జరుగుతుంది. క్రాంకును ఇరుసుకు బిగించే కాటరు మేకు అరవై డెబ్భై ఏళ్ళుగా కదలక తుప్పుతో ఒకటైపోయి ఉంటుంది. దాన్ని సుత్తితో ఊరికే బాదితే మరలు చితికి తల వంగుతుంది, ఇరుసు గుంతలు పడుతుంది. ముందు రోజే తుప్పు వదిలే నూనె వేసి నానబెట్టాలి. నట్టును పూర్తిగా తీయకుండా మేకు కొనతో సమానంగా ఉంచాలి. క్రాంకు కింద గట్టి ఇనుప గొట్టమో కర్ర దిమ్మో ఆనించి, బరువైన సుత్తితో తిన్నగా ఒకటి రెండు దెబ్బలు వేయాలి. కింద ఆధారం లేకుండా వేసిన దెబ్బ అంతా బేరింగు గుండ్ల మీద పడుతుంది. కొత్త కాటరు కొనేటప్పుడు మందం చూసుకోవాలి, ఇంగ్లీషు బండికి సాధారణంగా 9.5 మిల్లీమీటర్లది పడుతుంది.

క్రాంకు ఊడాక అసలు పరీక్ష వస్తుంది. పెడలు ఇరుసును పట్టే కప్పుల మరలు చాలా ఇంగ్లీషు బండ్లలో అంగుళానికి 24. ర్యాలీ మాత్రం తన పద్ధతి పెట్టుకుని 26 మరలు కోసింది. చూపుకు రెండూ ఒకటే. మామూలు కప్పు ర్యాలీ గొట్టంలో రెండు చుట్లు తేలికగా ఎక్కి పట్టేస్తుంది. అక్కడ ఆగక పానా మీద బలం పెడితే ఫ్రేము మరలు తెగిపోతాయి. చైను వైపు కప్పు ఎడమ చేతి మర అని మరిచి తిప్పడం మరో నష్టం. పాత కప్పు గీతలు పడినా లోపలి గుండ్ల బాట నున్నగా ఉంటే దాన్నే ఉంచి, పావు అంగుళం గుండ్లు పక్కకు పదకొండు చొప్పున కొత్తవి వేయడం మేలు. గుండ్ల ఖరీదు తక్కువ, ర్యాలీ కప్పు దొరకదు.

ఈ రెండు జిల్లాలు ఒకప్పుడు ఆముదం పంటకు పేరుపడ్డవి, ఎడ్లబండి ఇరుసుకు కందెనగా వాడిందీ ఆ నూనే. హబ్బులో ఎప్పుడైనా ఆముదం పోసి ఉంటే అది ఏళ్ళ మీద గట్టిపడి జిగురు పొరలా గుండ్లను పట్టేస్తుంది. మెకానిక్ అలవాటుగా కిరోసిన్‌లో నానబెడతాడు, కానీ ఆముదం పెట్రోలియం నూనెల్లో సరిగా కరగదు. స్పిరిట్‌తో తుడిస్తే ఊడుతుంది. అయితే స్పిరిట్ ఎనామిల్ మీద, బంగారు గీతల మీద పడకుండా చూసుకోవాలి. మూడు గేర్ల హబ్బులో గ్రీజు నింపడం కూడా తప్పే. దాని లోపల 20 పళ్ళ నడిమి చక్రం ఇరుసుకు కదలకుండా ఉంటుంది, దాని చుట్టూ చిన్న పళ్ళ చక్రాలు, వాటి బయట 60 పళ్ళ కడియం. పెడలు బలంతో చిన్న చక్రాల పంజరాన్ని తిప్పి, కడియంతో హబ్బును తిప్పితే వేగం మూడో వంతు పెరుగుతుంది, తిరగేస్తే నాలుగో వంతు తగ్గుతుంది, నడిమి గేరులో నేరుగా సాగుతుంది. ఈ మార్పులన్నీ సన్నని స్ప్రింగు మీద ఆడే చిన్న నాలుకల మీద ఆధారపడ్డాయి. చిక్కటి గ్రీజులో అవి లేవలేవు. పల్చటి నూనె కొన్ని చుక్కలు చాలు.

రంగు విషయంలో సేకరణకర్తల్లో రెండు వర్గాలున్నాయి. కొత్త పెయింటుతో కొట్టొచ్చినట్టు మెరిసే బండి కొందరికి ముద్దు. అసలు ఎనామిల్ సగం మిగిలినా దాన్ని కాపాడాలనేది రెండో వర్గం మాట, అదే సరైన పని. ఇక్కడి వాతావరణం అందుకు అనుకూలం. ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్టల్లో ఉక్కు కోస్తాలో తిన్నంత తుప్పు తినదు. గోరువెచ్చని సబ్బు నీళ్ళు, మెత్తని గుడ్డ, ఆ మీద పల్చని నూనె పూతతో చాలా బండ్ల నలుపు తిరిగి తేలుతుంది. పూత ఊడిన చోట తుప్పుకు ఆక్సాలిక్ ఆమ్లం పల్చగా కలిపి వాడవచ్చు. అది విషం కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. ఇత్తడి బిళ్ళను చింతపండు పెట్టి తోమితే మెరుపు వస్తుంది గానీ అక్షరాల లోతుల్లోని రంగు పోతుంది. చైను కవరు మీద పెయింటరు రాసిన యజమాని పేరు, సైకిలు పన్ను కట్టినందుకు పంచాయతీ, మున్సిపాలిటీ వాళ్ళు ఇచ్చిన రేకు బిళ్ళ నాటింగ్‌హామ్ నుంచి రాకపోయినా ఆ బండి చరిత్రలో భాగమే. వాటిని గీకేసిన బాగుచేత చెడగొట్టడంతో సమానం.

వాన తక్కువైన మేలును ఎండ వసూలు చేసుకుంటుంది. వేసవి వేడికి బ్రూక్స్ కంపెనీ తోలు సీటు ఎండి పగులుతుంది. తోలుకు పెట్టే మైనపు లేపనం పల్చగా రాయాలి, కొబ్బరి నూనె, ఆముదం తాగిస్తే మెత్తబడి కుంగిపోతుంది. ముక్కు కింది బిగింపు నట్టును ఒకేసారి కాక పావు చుట్టు చొప్పున తిప్పాలి.

చక్రాల దగ్గర మాత్రం తెలంగాణ సేకరణకర్తకు ఇంగ్లాండు వాళ్ళకు లేని సౌకర్యం ఉంది. 28 అంగుళాల రోడ్‌స్టర్ టైరు అక్కడ వెతుక్కోవాల్సిన వస్తువు, ఇక్కడ దేవరకొండలోనో వనపర్తిలోనో మామూలు దుకాణంలో అడిగితే ఇస్తారు. ముందు 32, వెనక 40 పుల్లలు అనే పాత ఇంగ్లీషు లెక్క మన బండ్లలో ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి పుల్లలకూ కొరత లేదు. రిమ్ము మాత్రం కడ్డీ బ్రేకుకు తగిందే కావాలి. ఆ బ్రేకు కట్టెలు రిమ్ము పక్కలను కాదు, హబ్బు వైపున్న లోపలి అంచును పైకి లాగి పడతాయి. తీగ బ్రేకు రిమ్ము వేస్తే అవి పట్టవు.

విడి భాగాల కోసం హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత తిరగాల్సిందే. ఊళ్ళలో ముసలి మెకానిక్కుల పెట్టెలు వాటికన్నా విలువైనవి, వాటిలో అసలు గంటలు, డైనమోలు, బ్రేకు భాగాలు నూనె గుడ్డల్లో చుట్టి ఉంటాయి. పోల్చి చూసుకోవడానికి పుణేలోని విక్రమ్ పెండ్సే సైకిళ్ళ మ్యూజియం ఉంది. పని మొదలుపెట్టేముందు ఫ్రేము నంబరు, హబ్బు అంకెలు, పళ్ళ లెక్క, గీతల కొలతలు రాసుకుని అన్ని వైపులా ఫొటోలు తీయాలి. మార్చిన ప్రతి పాత భాగానికీ చీటీ కట్టి ఆ బండితోనే ఉంచాలి, అమ్మినప్పుడు ఆ సంచీని కొన్నవారికి అప్పగించాలి.