పాపికొండల లాంచీ విహారం

పాపికొండల లాంచీ విహారం తూర్పు కనుమల నడుమ గోదావరి నదిపై సాగే పర్యాటక యాత్ర. నది ఈ కొండలను పాపిడి వలె చీల్చుకొని ప్రవహించుట వలన ఈ పేరు వచ్చిందని చెబుతారు. 2008లో ఈ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

మార్గాలు

రాజమండ్రి వైపు నుండి లాంచీలు ఎగువకు సాగుతాయి. భద్రాచలం వైపు నుండి పోచవరం రేవులో ఎక్కి దిగువకు రావచ్చును. వరంగల్లు వారికి భద్రాచలం మార్గం దగ్గర. పేరంటాలపల్లి శివాలయం యాత్రలో ముఖ్య మజిలీ. పోలవరం ప్రాజెక్టు ముంపు వలన పలు తీర గ్రామాల ప్రజలు పునరావాస కాలనీలకు తరలిపోయారు.

నది స్వభావం

దిగువన విశాలంగా పారే గోదావరి కొండల మధ్య ఇరుకవుతుంది. వరద నీరంతా ఆ సన్నని దారిలోనే పోవాలి కనుక లోతు, వేగం పెరిగి సుడిగుండాలు ఏర్పడతాయి. యాత్రికులను ఆకర్షించే ఆ ఇరుకే వరద కాలంలో ప్రమాదకరం.

2019 ప్రమాదం

2019 సెప్టెంబరు 15న వరద సమయంలో దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగి 50 మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. మృతులలో వరంగల్లు సమీపంలోని కడిపికొండ వాసులు కూడా ఉన్నారు. కచ్చులూరు గిరిజనులు తమ పడవలలో వెళ్ళి పలువురిని కాపాడారు. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. అక్టోబరు 22న బోటును వెలికితీశారు. ప్రమాదం తరువాత నిలిపివేసిన యాత్రలు 2021లో తిరిగి మొదలయ్యాయి. వరద కాలంలో వీటిని నిలిపివేస్తారు.