స్కోరు చేతికొచ్చాక ఏ యూనివర్సిటీ?

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలైంది. ఆ తర్వాతి నెలల్లో ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలోని బాసగూడ చాలావరకు ఖాళీ అయింది. సంత ఆగిపోయింది, బస్తర్‌లో వందల బడులు మూతపడ్డాయి. జుడుం పేరుతో స్థానిక యువకుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో తేల్చేనాటికి, ఆ రోజుల్లో పుట్టిన పిల్లలు బడికి వెళ్లే వయసుకొచ్చారు. ఆశ్రమ పాఠశాలల్లో, పోటా కేబిన్లనే వెదురు తడకల బడుల్లో అక్షరాలు దిద్దిన తరం అది. ఇప్పుడు వాళ్లది డిగ్రీ ముగించే వయసు. పీజీ ఎక్కడ చేయాలన్నది వాళ్ల ముందున్న ప్రశ్న.

ఇంట్లో తెలుగో, గిరిజన భాష దోర్లీయో మాట్లాడి, బళ్లో హిందీలో చదివిన ఈ పిల్లలకు అందుబాటులో ఉన్న పెద్ద పరీక్ష సీయూఈటీ పీజీ. 2022లో మొదలైన ఈ ఉమ్మడి ప్రవేశ పరీక్షే ఇప్పుడు చాలా కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకు ప్రధాన దారి. 75 ప్రశ్నలు, 300 మార్కులు. సరైన జవాబుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. భాషలు, మరికొన్ని సబ్జెక్టులు మినహా ప్రశ్నపత్రం హిందీలోనూ ఉంటుంది. హిందీ మీడియంలో చదివినవాళ్లకు ఇది కొండంత ఊరట.

అయితే పరీక్ష రాస్తే సీటు దానంతటదే రాదు. పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ స్కోరు ఇచ్చి తప్పుకుంటుంది. ఆ తర్వాత ప్రతి యూనివర్సిటీకీ విడిగా దరఖాస్తు చేసుకోవాలి, తేదీలు విడిగా చూసుకోవాలి. ఇంజినీరింగ్ పీజీకి రాసే గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సీయూఈటీ స్కోరు మాత్రం ఆ ఏడాది ప్రవేశాలకే. మంచి స్కోరు ఉండి కూడా దరఖాస్తు గడువు దాటితే ఆ ఏడు పోయినట్టే.

నిరుటి కటాఫ్ చూసేటప్పుడు మన సబ్జెక్టు పేపర్‌నే, మన కేటగిరీనే, చివరి రౌండ్‌నే చూడాలి. చరిత్ర పేపర్‌లో 150కీ, రసాయనశాస్త్రంలో 150కీ పోలిక లేదు. మొదటి జాబితా చూసి గుండె జారిపోయేవాళ్లు ఎక్కువ. చివరి జాబితాకి గీత దిగివస్తుందని వాళ్లకు చెప్పేవాళ్లుండరు. పైగా కటాఫ్ చెప్పేది ఆ సీటు కోసం ఎంతమంది ఎగబడ్డారన్నది మాత్రమే. అక్కడ పాఠం ఎలా చెబుతారో, హాస్టల్లో మంచం దొరుకుతుందో లేదో అది చెప్పదు.

స్కోరు కన్నా ముందు చూడాల్సింది కుల ధ్రువపత్రం ఏ రాష్ట్రానిదన్నది. బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో ప్రభుత్వ కాకతీయ పీజీ కళాశాల ఉంది, వరంగల్‌లో 1976లో ఏర్పడ్డ కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. ఓరుగల్లు నుంచి బస్తర్‌కు వచ్చిన రాజవంశం పేరే రెండింటికీ. తెలుగు మాట్లాడే బాసగూడ విద్యార్థికి వరంగల్ మీద మనసు పోవడం సహజం. కానీ ఛత్తీస్‌గఢ్ ఎస్టీ పత్రంతో తెలంగాణ రాష్ట్ర కోటాలో రిజర్వేషన్ దక్కదు. రాష్ట్రం మారితే ఆ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. బాసగూడ పక్కన పారే తాలిపేరు చర్ల మీదుగా గోదావరిలో కలుస్తుంది. ఏటి పొడవునా చుట్టరికాలున్నాయి, పత్రం మాత్రం సరిహద్దు దాటదు.

కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ చిక్కు లేదు. అక్కడ ఎస్టీలకు 7.5 శాతం సీట్లు, ఏ రాష్ట్రంలో పుట్టినవాళ్లకు ఆ రాష్ట్ర పత్రమే చాలు. బిలాస్‌పూర్‌లోని గురు ఘాసీదాస్, అమర్‌కంటక్‌లోని ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం, హైదరాబాద్ విశ్వవిద్యాలయం మూడింటికీ ఒకే స్కోరు పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఉండాలనుకునేవాళ్లకు రాష్ట్ర విశ్వవిద్యాలయం కన్నా ఇదే తేలికైన మార్గమని నా అభిప్రాయం. తరగతిలో ఇంగ్లిష్ ధాటికి భయపడేవాళ్లు మాత్రం బిలాస్‌పూర్, అమర్‌కంటక్‌లను జాబితాలో ముందు పెట్టుకోవడమే మేలు. పేరున్న చోట చేరి మొదటి సెమిస్టర్‌లోనే వెనుదిరగడం కన్నా, చివరిదాకా చదవగలిగిన చోట చేరడం ముఖ్యం.

బీజాపూర్, భోపాల్‌పట్నం కళాశాలల అధ్యాపకులకు ఒక విన్నపం. ఏటా దరఖాస్తులు మొదలవగానే ఈ మూడు విశ్వవిద్యాలయాల నిరుటి ఎస్టీ కటాఫ్‌లు, గడువు తేదీలు హిందీలోనూ తెలుగులోనూ నోటీసు బోర్డు మీద పెట్టండి. భద్రాచలం, చర్ల నుంచి హైదరాబాద్ వచ్చి పీజీ చదువుతున్న విద్యార్థులారా, సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక్కరోజు బాసగూడ దాకా వెళ్లి ఈ సంగతులు చెప్పి రండి.