సీటు దొరికింది, ల్యాబ్ ఏదీ?

మా అక్క కూతురు కెమిస్ట్రీతో బీఎస్సీ పూర్తిచేసి పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లింది. ఆ రాత్రి ఇక్కడ జింజ్‌లో ఉన్న నాకు వీడియో కాల్ చేసి, "పిన్నీ, హెచ్‌పీఎల్‌సీ నడిపావా అని అడిగారు. పుస్తకంలో బొమ్మ చూశానని ఎలా చెప్పను, ఊరుకున్నా" అంది. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల.

మందుబిళ్లలో అసలు మందు ఎంత ఉందో, మలినాలు ఏమున్నాయో తేల్చే యంత్రం అది. కరిగించిన నమూనాని, మెత్తటి పొడి కూరిన సన్న గొట్టంలోంచి బాగా ఒత్తిడి పెట్టి పంపితే ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ గదుల్లో ఇవి వరసగా ఉంటాయి. వాటి ముందు కూర్చునే వాళ్లలో చాలామంది బీఎస్సీ, ఎమ్మెస్సీ వాళ్లే.

మన దగ్గర కాలేజీలు తక్కువేం కాదు. 2021-22 నాటి కేంద్ర ఉన్నత విద్యా సర్వే ప్రకారం, 18-23 ఏళ్ల వయసు వాళ్లు లక్షమందికి దేశంలో సగటున 30 కాలేజీలుంటే తెలంగాణలో 52, ఆంధ్రప్రదేశ్‌లో 49 ఉన్నాయి. చేరేవాళ్ల నిష్పత్తి కూడా దేశ సగటు 28.4 శాతాన్ని దాటింది: తెలంగాణలో 40, ఆంధ్రలో 36.5. ఇందులో ఫీజు రీయింబర్స్‌మెంట్ పాత్ర పెద్దది. ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో విస్తరించిన ఈ పథకం పేర్లు మారుతూ రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్ అయిన పిల్లల్ని చూశాను కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను.

చిక్కల్లా ఆ డబ్బు సమయానికి రాకపోవడం. బకాయిలు పేరుకుంటే కాలేజీ భవనానికి ఏమీ కాదు. ముందు కోత పడేది పార్ట్‌టైమ్ లెక్చరర్ జీతానికీ, ల్యాబ్‌లో రసాయనాలకీ. దాదాపు ఇరవై ఏళ్ల కిందట నేను చదివిన కాలేజీలో ఆరుగురికి ఒక బ్యూరెట్. ఒకరు రీడింగ్ చూస్తే మిగతా ఐదుగురం రికార్డులో ఎక్కించుకునేవాళ్లం. ఇప్పుడు యంత్రాలు మారాయి, ఎక్కించుకోవడం మాత్రం మారినట్టు లేదు.

దీంతో రాష్ట్రానికి ఏం పోయిందంటారా? చదువుకి డబ్బు పెట్టింది ఆంధ్ర. దగ్గర్లో ఉద్యోగం రాక ఆ పిల్ల బెంగళూరు వెళ్లిందనుకోండి. జీఎస్టీ అనేది సరుకు వాడుకునే చోటికి చేరే పన్ను. ఆమె కొనే ఫ్రిజ్ మీద రాష్ట్ర వాటా కర్ణాటకది. మన సంగతి సరేసరి. 2022 జనవరి నుంచి ఇక్కడ వ్యాట్ 10 శాతం, మనం హోటల్లో తిన్న ప్రతిసారీ కొంత బహ్రెయిన్ ఖజానాకి వెళ్తుంది. ఇంటికి పంపే డబ్బుతో కొంత తిరిగి అటు చేరుతుందనుకోండి. వెళ్లేవాళ్లని ఆపమనడం లేదు, అలా అనే హక్కు నాకసలే లేదు. కానీ ఈ పిల్ల ఉద్యోగం బస్సు దూరంలోనే ఉంది.

కాలేజీ, ఫ్యాక్టరీ రెండూ కలిస్తే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు. తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి గారు గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ చదివారు. తర్వాత బొంబాయి, పుణెల్లో పైచదువులు, ఆ మీదట హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగం. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని సొంత కంపెనీలు పెట్టినవాళ్లు ఇంకా చాలామంది. హైదరాబాద్ మందుల పరిశ్రమకి అదే పునాది.

ఆంధ్రలో 2020లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఆలోచన మంచిదే. ఫ్యాక్టరీ లేని ఊళ్లో అది సర్టిఫికెట్‌తో సరిపోతుందేమోనన్నదే నా భయం. నా మటుకు నాకు, జిల్లాకి ఒక పెద్ద ల్యాబ్, దాన్ని నడిపే టెక్నీషియన్, చుట్టుపక్కల కాలేజీల పిల్లలకి వంతులవారీగా వారాలు కేటాయించడం, ఇది ముందు జరగాలి. యంత్రం కొనడం ఒక్కసారి ఖర్చు. అసిటోనైట్రైల్ లాంటి ద్రావకాలు, కాలమ్‌లు, సర్వీసింగ్ ఏటా ఖర్చు. వీటికి బడ్జెట్ లేకపోతే యంత్రం అద్దాల గదిలో బొమ్మే.

మేనకోడలు ఇప్పుడు హైదరాబాద్‌లో హెచ్‌పీఎల్‌సీ శిక్షణకి వెళ్తోంది. అక్క చీటీ పాడి ఫీజు కట్టింది.

మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కాలేజీకి స్వాగత తోరణం కట్టిద్దామని మూడు నెలలుగా చర్చ. ముందు కెమిస్ట్రీ లెక్చరర్‌గారిని అడుగుదామన్నాను. ఆయన పంపిన జాబితా చాలా చిన్నది: పీహెచ్ మీటర్‌కి కొత్త ఎలక్ట్రోడ్, డిస్టిల్డ్ వాటర్ యూనిట్‌కి రిపేరు, పన్నెండు బ్యూరెట్లు.