బాయి ఊళ్లకు మన సాయం

శ్రీరాంపూర్ సింగరేణి కాలనీల్లో పెరిగి ఇవాళ విదేశాల్లో స్థిరపడిన మనలో చాలామందిని చదివించింది బాయి (బొగ్గు గని) జీతమే. అందుకే ఆ ఊరికి ఏదైనా చెయ్యాలన్న తపన అందరిలోనూ ఉంది. ఎంత పంపుదామని లెక్క వేసుకునే ముందు, అక్కడ ఏ నిధులున్నాయో, మన డబ్బు ఏ దారిన చేరాలో తెలుసుకుందాం.

గనుల పక్క ఊళ్లకు చట్టప్రకారం రెండు రకాల నిధులు అందాలి. ఒకటి కంపెనీల సామాజిక బాధ్యత నిధి (సీఎస్ఆర్). సింగరేణి లాంటి పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు వెచ్చించాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. చుట్టుపక్కల ఊళ్లకే మొదటి ప్రాధాన్యం. రెండోది జిల్లా ఖనిజ నిధి. 2015 జనవరి 12కు ముందిచ్చిన లీజులైతే, కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము అదనంగా ఇందులో జమ కావాలి. తాగునీరు, వైద్యం, చదువు దీని ముఖ్యమైన పద్దులు.

రోడ్డు, బోరు, క్లాసురూము అడగాల్సింది ఈ నిధుల్నే. మన సంఘం ఇచ్చే గ్రాంటు చిన్న ఖాళీలు పూడ్చాలి. సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల ఆడవాళ్లకు కుట్టుపని నేర్పుతుంది. జాకెట్టు కటింగ్ చక్కగా వచ్చినా, ఇంట్లో మిషన్ లేకపోతే ఆ పని అన్నం పెట్టదు. కాంట్రాక్ట్ కార్మికుడి పిల్లల కాలేజీ ఫీజూ అలాంటి ఖాళీయే.

ఇక దారి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, అక్కడ రిజిస్టరైన సంఘాలు ఇస్తే మాత్రం విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్ఏ వర్తిస్తుంది. తీసుకునే సంస్థకు ఆ చట్టం కింద అనుమతి ఉండాలి. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థకున్న ఖాతాలో పడాలి. 2020 సవరణతో ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు, మరో సంస్థకు మళ్లించకూడదు. కాబట్టి పని చేసే సంస్థనే నేరుగా ఎంచుకోవాలి.

నమ్మకం ఎంత ఉన్నా లెక్క అడుగుదాం. ఎవరికి అందింది, ఏడాది తర్వాత ఆ మిషన్ నడుస్తోందా, ఆ పిల్ల పరీక్ష రాసిందా అని కనుక్కుందాం. పది పనులకు తలా కొంచెం పంచడం కంటే, మన సంఘం ఒక్క పనిని మూడేళ్లు వదలకుండా నిలబెడితే బాయి ఊళ్లకు నిజంగా మేలు జరుగుతుంది.